‘అరుదు’ అన్న మాట వెనుక: కాడాసిల్ వ్యాధి ఆవిష్కరణ చరిత్ర

ప్రవేశిక

ఒక వ్యాధి మనుషుల్లో ఎప్పుడు పుట్టిందో చెప్పడం దాదాపు అసాధ్యం. వైద్యశాస్త్రంలో ఎప్పుడు పుట్టిందో మాత్రం చెప్పవచ్చు. దానికొక పేరు పడిన నాడు, ఇతర వ్యాధుల నుండి దాన్ని వేరుచేసి చూపగలిగిన నాడు అది పుట్టినట్లు లెక్క. కాడాసిల్ అనే వ్యాధికి ఆ సంవత్సరం 1993. మెదడు లోతుల్లోని సన్నని ధమనులను దెబ్బతీసి, నడివయసులో పక్షవాతాన్నీ, ఆపైన క్రమంగా చిత్తవైకల్యాన్నీ తెచ్చే వంశపారంపర్య వ్యాధి ఇది. తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా, పుట్టే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగానికి సగం. దీన్ని గుర్తించి, దాని మూలాన్ని జన్యువు దాకా వెంబడించిన కృషికి ఆద్యురాలు ఫ్రెంచి నాడీవైద్యురాలు మరీ-జెర్మేన్ బూసెర్.

ఈ వ్యాధిని ‘అరుదైనది’ అనడం పరిపాటి. అయితే దాని చరిత్రను పరిశీలిస్తే ఆ అరుదులో కొంత భాగం ప్రకృతిది, కొంత భాగం చూపుది అని తోస్తుంది. సాధారణ వ్యాధుల పేర్ల కింద దాగినంత కాలం ఏ వ్యాధి అయినా అరుదుగానే కనిపిస్తుంది. కాడాసిల్ ఎవరెవరి పేర్ల కింద దాగింది, ఎలా బయటపడింది అన్నదే ఈ వ్యాసంలో చర్చనీయాంశం.

పాత పేర్లు

1894లో జర్మన్ వైద్యుడు ఒట్టో బిన్స్‌వాంగర్ మెదడులోని తెల్ల పదార్థం క్షీణించి మతి చెడే రోగుల గురించి రాశాడు. అనంతరం అలాయిస్ అల్జీమర్ ఆ స్థితికి బిన్స్‌వాంగర్ పేరే పెట్టాడు. 1901లో పారిస్‌లో పియేర్ మరీ, వృద్ధుల మెదళ్ళలో రక్తం అందక ఏర్పడిన చిన్నచిన్న గుంటలను ‘లాక్యూన్’లుగా వర్ణించాడు. ఈ రెండు స్థితులకూ దీర్ఘకాలపు అధిక రక్తపోటే ప్రధాన కారణమని 20వ శతాబ్దపు వైద్యం స్థిరపరచుకొంది. ఆ నిర్ణయం చాలా మేరకు సరైనదే. ఇబ్బంది కూడా అక్కడే వచ్చింది. పది మందిలో తొమ్మిది మందికి సరిపోయే కారణం ఒకటి దొరికితే, పదో మనిషి విషయంలో ప్రశ్న వేసేవారు ఉండరు.

కుటుంబాల్లో ఇలాంటి జబ్బు వరుసగా వస్తున్నట్లు గమనించినవారు లేకపోలేదు. 1955లో బెల్జియం నాడీవైద్యుడు లుడో వాన్ బోగార్ట్ ఇద్దరు అక్కాచెల్లెళ్ళ గురించి రాశాడు. 1977లో స్వీడన్ నుండి సౌరాండర్, వాలిండర్ అనే ఇద్దరు ఒక కుటుంబాన్ని ‘వంశపారంపర్య బహుళ పక్షవాత చిత్తవైకల్యం’ అనే అర్థం వచ్చే పేరుతో వర్ణించారు. ఈ వర్ణనలు వేటికవే విడివిడిగా ఉండిపోయాయి. కొందరు రోగులకు మల్టిపుల్ స్క్లిరోసిస్ అన్న ముద్ర పడింది. ఎక్కువ మందికి అసలు ముద్ర అంటూ పడలేదు, పక్షవాతం వచ్చిందన్నారు, అంతే.

లేని కారణం

1976లో పారిస్‌లో బూసెర్ వద్దకు సుమారు 50 ఏళ్ళ రోగి ఒకరు వచ్చారు. చిన్న ధమని మూసుకుపోయినప్పుడు కనిపించే తరహా పక్షవాతం ఆయనది. సి.టి. స్కాన్ అప్పటికి ఇంకా కొత్త. లండన్‌లో మొదటి రోగి మెదడును ఆ యంత్రంతో చూసి అయిదేళ్ళే అయింది. స్కాన్‌లో ఈయన మెదడు తెల్ల పదార్థమంతా విస్తారంగా దెబ్బతిని కనిపించింది. అప్పటి పరిజ్ఞానం ప్రకారం అది బిన్స్‌వాంగర్ వ్యాధి. ఒకే ఒక్క లోపం: ఆయనకు అధిక రక్తపోటు లేదు.

ఇక్కడ సాధారణంగా జరిగేది, ‘అసాధారణ తరహా బిన్స్‌వాంగర్’ అని రాసి ఆ దస్త్రాన్ని మూసివేయడం. అలా రాయడం తప్పు కూడా కాదు. బూసెర్ చేసిన పని ఆ దస్త్రాన్ని మనసులో మూయకపోవడం. దాదాపు దశాబ్దం తరువాత ఆ రోగి సంతానంలోనూ నాడీసంబంధమైన బాధలు కనబడినప్పుడు, తండ్రి విషయంలో మిగిలిపోయిన ప్రశ్న ఆమెకు సిద్ధంగా ఉంది. ఆ మధ్యకాలంలో ఎం.ఆర్.ఐ. వచ్చింది. తెల్ల పదార్థపు దెబ్బలను సి.టి. కన్నా ఎన్నో రెట్లు స్పష్టంగా చూపే సాధనం అది. పిల్లల మెదళ్ళలోనూ తండ్రి మెదడులో ఉన్నటువంటి మార్పులే కనిపించాయి.

ఈ ఓర్పు యాదృచ్ఛికమైనది కాదని చెప్పడానికి ఆమె కృషిలోనే మరో నిదర్శనం ఉంది. పక్షవాతం మళ్ళీ రాకుండా ఆస్పిరిన్ పనిచేస్తుందా అని 604 మందిపై జరిపి 1983లో ప్రకటించిన ఫ్రెంచి ప్రయోగానికి ఆమె సారథి. అది సర్వసాధారణ వ్యాధికి సంబంధించినది. రెండేళ్ళ తరువాత, 1985లో, మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టిన 38 మంది రోగులను సమీక్షిస్తూ ఆమె బృందం ఒక వ్యాసం వెలువరించింది. ఆ జబ్బు శవపరీక్షలో తప్ప తెలియదని, తెలిసేసరికి ప్రాణం పోతుందని అంతకు మునుపటి గ్రంథాలు భావించేవి. బతికి ఉన్న రోగుల్లోనే దాన్ని పట్టుకోవడం నేర్చిన తరువాత, అది అనుకున్నంత అరుదూ కాదు, అనుకున్నంత ప్రాణాంతకమూ కాదు అని తేలింది. ఆమె కూడా పాలుపంచుకొన్న అంతర్జాతీయ అధ్యయనం 2004లో 624 మంది రోగులను అనుసరించి, మరణించినవారూ పరాధీనులైనవారూ కలిపి 13.4 శాతమేనని చూపింది. బాలింతల్లో వచ్చే ఈ సిరల జబ్బు మన దేశపు నాడీవైద్యులకు చిరపరిచితం. అక్కడ అరుదనుకొన్నది ఇక్కడ ఆసుపత్రి వార్డుల్లో నిత్యం కనిపించేది. కాడాసిల్ కథకు ఇది సరిగ్గా సమాంతరం కాదు గాని, ‘అరుదు’ అన్న మాటను ఆమె ఎందుకు యథాతథంగా స్వీకరించలేదో దీన్నిబట్టి ఊహించవచ్చు.

వంశవృక్షం నుండి క్రోమోజోము దాకా

బూసెర్ ఒక్కరే అయితే ఈ పని ఇంత దూరం సాగేది కాదు. నాడీవైద్యంలో శిక్షణ పొంది, అణుజన్యుశాస్త్రం వైపు మళ్ళిన ఎలిజబెత్ తూర్నియే-లాసెర్వ్ ఈ కుటుంబ పరిశోధనను భుజాన వేసుకొన్నారు. 1991లో ‘స్ట్రోక్’ పత్రికలో వారి వ్యాసం వచ్చింది. పక్షవాతం వంటి దాడులూ, తెల్ల పదార్థపు క్షీణతా ఒకే కుటుంబంలో తరం నుండి తరానికి సంక్రమిస్తున్నాయని అందులో నిరూపించారు. ఏ బాధా లేని కొందరు కుటుంబసభ్యుల ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో కూడా అవే మార్పులు ఉన్నాయన్నది ఆ వ్యాసంలోని అతి ముఖ్యమైన గమనిక.

దీని ప్రాముఖ్యాన్ని కాస్త విప్పి చెప్పుకోవాలి. ఒక వ్యాధికి కారణమైన జన్యువు ఏ క్రోమోజోముపై ఉందో వెదకాలంటే, కుటుంబంలో ఎవరికి వ్యాధి ఉంది, ఎవరికి లేదు అన్నది నిక్కచ్చిగా తెలియాలి. వ్యాధి ఉన్నవారందరిలోనూ ఉండి, లేనివారిలో లేని క్రోమోజోము ముక్క ఏదో పట్టుకోవడమే ఆ పద్ధతి. నలభై అయిదేళ్ళకు బయటపడే వ్యాధిలో ముప్పై ఏళ్ళ మనిషిని ఏ పక్కన వేయాలి? ఆరోగ్యవంతుడు అని లెక్కిస్తే, రేపు రోగి అయ్యేవాడిని ఆరోగ్యవంతుల్లో కలిపినట్లు అవుతుంది. లెక్క మొత్తం తారుమారవుతుంది. లక్షణాలను వదిలి ఎం.ఆర్.ఐ. చిత్రాన్నే వ్యాధికి గుర్తుగా తీసుకోవడంతో ఈ చిక్కు విడిపోయింది. నా దృష్టిలో ఈ చరిత్ర మొత్తంలో అసలైన మలుపు ఇదే. తరువాత వచ్చిన జన్యు ఆవిష్కరణకు దక్కిన కీర్తిలో ఈ నిర్ణయానికి న్యాయంగా చెందవలసిన వాటా ఇప్పటికీ అందలేదనిపిస్తుంది.

1993లో పరస్పరం సంబంధం లేని రెండు కుటుంబాల ఆధారంగా, వ్యాధికారక జన్యువు 19వ క్రోమోజోముపై ఉందని ‘నేచర్ జెనెటిక్స్’లో ప్రకటించారు. ఆ సందర్భంలోనే వ్యాధి లక్షణాలను వర్ణించే పొడవాటి ఆంగ్లనామంలోని మొదటి అక్షరాలు కలిసి ‘కాడాసిల్’ అన్న పేరు స్థిరపడింది. పేరు పలకడానికి సులువుగా ఉండటం చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ఇతర దేశాల వైద్యులు తమ దస్త్రాలు తిరగేసి ఇటువంటి కుటుంబాలను వెదకడానికి ఒక పేరంటూ కావాలి గదా!

1995లో యూగ్ షాబ్రియా ప్రధాన రచయితగా ‘లాన్సెట్’లో వెలువడిన అధ్యయనం వ్యాధి స్వరూపాన్ని పూర్తిగా గీసింది. ఏడు కుటుంబాల్లో 148 మందిని పరీక్షించగా 45 మందిలో లక్షణాలున్నాయి. వారిలో 84 శాతం మందికి పదే పదే పక్షవాతపు దాడులు, 31 శాతం మందికి చిత్తవైకల్యం, 22 శాతం మందికి కంటి ముందు మెరుపులతో మొదలయ్యే తరహా పార్శ్వనొప్పి, 20 శాతం మందికి తీవ్రమైన కుంగుబాటు వంటి మానసిక బాధలు కనిపించాయి. ఏ లక్షణమూ లేని మరో 19 మంది ఎం.ఆర్.ఐ. చిత్రాలు కూడా మారిపోయి ఉన్నాయి. ఈ అంకెలను మరో విధంగా చదివితే పాత పేర్ల గందరగోళం ఎలా ఏర్పడిందో అర్థమవుతుంది. తాత పక్షవాతంతో, అత్త మతి చెడి, మేనల్లుడు తలనొప్పితో, చెల్లెలు కుంగుబాటుతో వేర్వేరు వైద్యుల దగ్గరకు వెళతారు. అవన్నీ ఒకే జబ్బు అని తెలియాలంటే నలుగురినీ ఒకే కాగితం మీద, ఒకే వంశవృక్షంలో చూడాలి.

ఈగ రెక్క, మనిషి ధమని

1996లో ‘నేచర్’ పత్రికలో ఆన్ జూతెల్, ఆమె సహచరులు ఆ జన్యువును గుర్తించారు. దాని పేరు నాచ్3. ఈ ‘నాచ్’ అంటే గాటు. 1910ల దశకంలో అమెరికాలో థామస్ హంట్ మోర్గన్ కాలపు జన్యుశాస్త్రజ్ఞులు పండుఈగల రెక్క అంచున కనిపించిన గాటును బట్టి పెట్టిన పేరది. పిండదశలో ఏ కణం ఏమి కావాలో పక్క కణంతో సంప్రదించి నిర్ణయించే వ్యవస్థలో ఈ జన్యువుది కీలక పాత్ర అని ఆ తరువాత తెలిసింది. ఈగ రెక్క మీది గాటుకూ, పారిస్ రోగి పక్షవాతానికీ సంబంధం ఉంటుందని ఎవరూ ఊహించి ఉండరు.

మనిషిలో నాచ్3 తయారుచేసే మాంసకృత్తి ధమనుల గోడల్లోని నునుపు కండర కణాలపై ఉంటుంది. కణం వెలుపలికి పొడుచుకొని ఉండే దాని భాగంలో ఒకే నమూనా 34 సార్లు పునరావృతమవుతుంది. ప్రతి నమూనాలోనూ సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు ఆరు చొప్పున ఉండి, రెండేసి జతగా కొక్కేల్లా బిగుసుకొని ఆ మాంసకృత్తికి ఆకృతినిస్తాయి. కాడాసిల్ రోగుల్లోని ఉత్పరివర్తనాలు దాదాపు అన్నీ ఒకే పని చేస్తాయి. ఒక సిస్టీన్‌ను తీసివేస్తాయి, లేదా ఒకటి అదనంగా చేరుస్తాయి. ఆరు కాస్తా అయిదో ఏడో అవుతుంది. జత దొరకని కొక్కెం ఒకటి మిగిలిపోతుంది. ఫలితంగా ఆ మాంసకృత్తి బాహ్యభాగం విచ్ఛిన్నం కాక ధమని గోడల్లో పేరుకుపోతుందని 2000లో జూతెల్ బృందమే చూపింది.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద ఈ వ్యాధి ధమనుల్లో కణికల వంటి పదార్థం కనిపిస్తుందని అప్పటికే తెలుసు. లీల్ నగరానికి చెందిన మరీ-మాగ్దలెన్ రూషూ బృందం ఆ కణికలు చర్మంలోని రక్తనాళాల్లో కూడా ఉంటాయని గుర్తించింది. మెదడు వ్యాధిని చేతి చర్మపు చిన్న ముక్కతో నిర్ధారించవచ్చునన్నమాట! ధమని గోడలు ఒళ్ళంతా చెడుతున్నా బాధ మాత్రం మెదడుకే ఎందుకు పరిమితమవుతుందన్న ప్రశ్నకు ఇప్పటికీ సంతృప్తికరమైన సమాధానం లేదు.

జన్యువు దొరికాక పాత దస్త్రాలను తిరిగి తీయడం మొదలైంది. ఇక్కడొక విచిత్రం జరిగింది. 1977 నాటి స్వీడన్ కుటుంబమే చరిత్రలో తొలి కాడాసిల్ కుటుంబమని చాలా కాలం రాసుకొన్నారు. 2007లో పరీక్షిస్తే ఆ కుటుంబంలో నాచ్3 లోపమే లేదు, అది వేరే వ్యాధి! ఆ వేరే వ్యాధికి కారణం కోల్4ఎ1 అనే మరో జన్యువులోని మార్పు అని పదేళ్ళకు గాని తేలలేదు. ఆ తరహా లోపాన్ని అంతకు కొద్దికాలం ముందే ఇతర కుటుంబాల్లో పట్టుకొన్నది తూర్నియే-లాసెర్వ్ బృందమే. అరుదైన వ్యాధి ఒకటి సాధారణ వ్యాధి నీడలో దాగినట్లే, మరో అరుదైన వ్యాధి కాడాసిల్ నీడలో ముప్పై ఏళ్ళు దాగిందన్నమాట.

వెనక్కి చూసి రోగనిర్ణయం చేయడంలో ఉత్సాహం ఎక్కువైన ఉదాహరణ కూడా ఒకటుంది. తత్త్వవేత్త నీషే చివరి సంవత్సరాల మతిభ్రంశానికి కాడాసిల్ కారణం కావచ్చునని 2008లో బెల్జియం వైద్యులు ప్రతిపాదించారు. 1889లో యేనా ఆసుపత్రిలో నీషేకు వైద్యం చేసినది మరెవరో కాదు, ఒట్టో బిన్స్‌వాంగర్. కథగా ఇది రమ్యంగా ఉన్నా, జన్యుపరీక్ష గాని చర్మపు ముక్క గాని లేనిదే దీన్ని ఊహగానే ఉంచడం న్యాయం.

ఎంత అరుదు?

ఐరోపా సమాఖ్య నిర్వచనం ప్రకారం పదివేల మందిలో అయిదుగురికి మించి లేని వ్యాధి అరుదైనది. ఆసుపత్రుల్లో నిర్ధారణ అయిన కాడాసిల్ కుటుంబాలను లెక్కిస్తే లక్షకు కొద్దిమందే తేలుతున్నారు. అయితే 2016లో నెదర్లాండ్స్‌కు చెందిన జూలీ రుటెన్ బృందం లెక్కను తలకిందులుగా మొదలుపెట్టింది. రోగులను పక్కనబెట్టి, ఇతర అవసరాల కోసం జన్యుపటాలు తీసిన 60 వేల పైచిలుకు మనుషుల సమాచారాన్ని గాలించింది. కాడాసిల్ తరహా నాచ్3 మార్పులు వెయ్యికి 3.4 మందిలో ఉన్నాయి. ఆసియా జనాభాల్లో ఇంకా ఎక్కువ. వీటిలో అధికభాగం మాంసకృత్తి నమూనాల్లో ఏడవదాని నుండి చివరిదాని దాకా వచ్చే మార్పులు. తొలి ఆరు నమూనాల్లోని మార్పుల కన్నా ఇవి సౌమ్యమైనవని, కొందరిలో జీవితమంతా బయటపడకపోవచ్చునని తెలిసింది. తైవాన్‌లోనూ, కొరియాకు చెందిన జెజు ద్వీపంలోనూ విస్తారంగా కనిపించే మార్పు ఒకటి ఈ కోవలోనిదే.

తెలుగువారికి ఈ లెక్క దూరపు సంగతి కాదు. అరవై ఏళ్ళ మనిషికి పక్షవాతం వస్తే ‘బి.పి., షుగర్’ అనుకోవడం మన ఇళ్ళలోనూ, మన ఆసుపత్రుల్లోనూ సహజం. చాలా సందర్భాల్లో అది నిజం కూడా. ‘వాళ్ళ వంశంలో పక్షవాతం ఉంది’ అన్న మాట మన ఊళ్ళలో తరచు వినిపించేదే గాని, ఆ మాట ఆసుపత్రి కాగితం మీదికి ఎక్కడం అరుదు. ఇక్కడొక అపోహను కూడా తొలగించాలి. వంశపారంపర్యం అనగానే మేనరికాన్ని తప్పుపట్టడం అలవాటైంది. కాడాసిల్‌కు మేనరికంతో సంబంధం లేదు, చెడిన ప్రతి ఒక్కటే చాలు. రెండు ప్రతులూ చెడితేనే వచ్చే కారాసిల్ అనే సోదర వ్యాధి వేరు. జపాన్ కుటుంబాల్లో మొదట వర్ణితమైన దానికి హెచ్‌టిఆర్ఎ1 అనే జన్యువు కారణమని 2009లో తేలింది. దగ్గరి బంధువుల మధ్య వివాహాల వల్ల అవకాశం పెరిగేది ఆ రెండో దానికే.

తెలిసినదానితో ఏమి చేయాలి?

బూసెర్, తూర్నియే-లాసెర్వ్, షాబ్రియా, జూతెల్ నలుగురికీ కలిపి 2019లో డెన్మార్క్‌లోని లుండ్‌బెక్ ఫౌండేషన్ బ్రెయిన్ ప్రైజ్ ప్రదానం చేసింది. రోగి మంచం పక్కన మొదలైన ప్రశ్న ప్రయోగశాలలోని ఎలుక దాకా వెళ్ళి తిరిగి రోగి వద్దకు రావడం ఆ నలుగురి సమష్టి కృషి. కాని తిరిగి వచ్చినప్పుడు చేతిలో మందు లేదు. చిత్తవైకల్యానికి వాడే డోనెపెజిల్‌ను 168 మంది కాడాసిల్ రోగులపై ప్రయోగించి 2008లో ప్రకటించిన ఫలితాల్లో ప్రధాన లక్ష్యం నెరవేరలేదు. పొగతాగడం మానడం, రక్తపోటును అదుపులో ఉంచుకోవడం వంటి మామూలు జాగ్రత్తలే నేటికీ వైద్యులు గట్టిగా చెప్పగలిగినవి.

మందు లేని చోట జ్ఞానం ఏ పనికి వస్తుందన్న ప్రశ్న అకడమిక్ ప్రశ్న కాదు. తండ్రికి వ్యాధి ఉన్న పాతికేళ్ళ యువతికి అది పెళ్ళి, పిల్లలు, ఉద్యోగం అన్నింటినీ తాకే ప్రశ్న. ఆరోగ్యంగా ఉన్న కుటుంబసభ్యులకు జన్యుపరీక్ష చేసే విషయంలో ఫ్రాన్స్‌లో హంటింగ్టన్ వ్యాధికి ఏర్పరచిన పద్ధతినే ఇక్కడా అనుసరించారు. పరీక్ష కోరినవారు జన్యువైద్యుణ్ణీ, నాడీవైద్యుణ్ణీ, మనస్తత్వ నిపుణుణ్ణీ కలవాలి. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఎప్పుడైనా విరమించుకోవచ్చు. పరీక్ష కోరి వచ్చినవారిలో చాలామంది ఆ దారిలో మధ్యలోనే ఆగిపోయారు. తెలుసుకోకుండా ఉండే హక్కు కూడా ఒక హక్కేనని ఆ పద్ధతి గుర్తించింది.

అయితే ఈ కట్టుబాటు రక్తపరీక్షకే వర్తిస్తుంది. 1991లో పరిశోధకులకు దారి చూపిన సాధనం, అంటే లక్షణాలకన్నా ముందే మార్పులను చూపే ఎం.ఆర్.ఐ., ఇప్పుడు ఎన్నో జిల్లా కేంద్రాల్లో ఉంది. తలనొప్పికో, చిన్న ప్రమాదానికో స్కాన్ తీయించుకొన్న మనిషి నివేదికలో, కణతల వెనుక భాగపు తెల్ల పదార్థంలో మార్పులున్నాయన్న ఒక వాక్యం రావచ్చు. ఆ మనిషి ఏ పరీక్షా కోరలేదు, ఎవరితోనూ సంప్రదించలేదు, ఆలోచించుకోవడానికి వ్యవధీ అడగలేదు. ఆ వాక్యానికి అర్థం తెలిసిన వైద్యుడు ముందుగా అడగవలసినది ఆ కుటుంబంలో ఎవరెవరు ఏ వయసులో ఏ జబ్బుతో పోయారన్న విషయం. ఆ ప్రశ్న అడిగిన మరుక్షణం నుండి ఆ ఇంట్లోని మిగిలినవారందరి గురించీ ఏదో ఒకటి తెలియడం మొదలవుతుంది.